బట్టలు తరచు రిటర్న్ చేస్తున్నామని ఖాతాకు పరిమితి విధించవచ్చా?

ప్రశ్న: హనుమకొండ పాఠకురాలు

అందరికీ నమస్కారం. మంచం పట్టిన అత్తగారిని ఒంటరిగా వదిలి బజారుకు వెళ్ళడం నాకు వీలు కాదు. అందువల్ల కొన్నేళ్ళుగా ఆమెకు, నాకు, పిల్లలకు కావలసిన బట్టలన్నీ ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో కొంటున్నాను. నేను ఎక్కువగా కొనే ఒక పెద్ద సైటు నుంచి ఇటీవల ఒక సందేశం వచ్చింది. నా ఖాతాలో రిటర్న్‌లు అసాధారణ స్థాయిలో ఉన్నాయని, ఇకపై నేను పెట్టే ప్రతి రిటర్న్‌కు రుసుము వసూలు చేస్తామని, పరిస్థితి ఇలాగే కొనసాగితే రిటర్న్ సదుపాయాన్నే తొలగిస్తామని అందులో ఉంది. అసాధారణం అంటే ఎంతో ఎక్కడా చెప్పలేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, అది సిస్టమ్ తీసుకున్న నిర్ణయమని, తమ చేతిలో ఏమీ లేదని మర్యాదగానే చెప్పి పెట్టేశారు.

నేను ఎక్కువగా తిప్పి పంపుతున్న మాట నిజమే. అయితే వాటిలో చాలా భాగం సైజు కుదరనివే. ఒక కంపెనీ ఎక్స్ఎల్ కుర్తీ నాకు వదులుగా ఉంటే, మరో కంపెనీ ఎక్స్ఎల్ చంకల దగ్గర పట్టేస్తుంది. అత్తగారికి ముందువైపు బొత్తాలు ఉండే నైటీలు మాత్రమే తొడగగలం. ఫొటోలో బొత్తాలు ఉన్నట్లే కనిపించి, తీరా వచ్చాక అవి అలంకారానికి కుట్టినవని తేలిన సందర్భాలున్నాయి. పక్క కుట్టు ఊడిపోయి వచ్చిన కుర్తీ కూడా ఈ లెక్కలోకే వెళ్ళిందని అనుమానంగా ఉంది. ట్యాగు తీసి వాడిన వస్తువును నేను ఏనాడూ వెనక్కి పంపలేదు.

ఇలాంటి పరిమితి విధించే అధికారం దుకాణానికి ఉంటుందా? లోపమున్న వస్తువుకు కూడా నా దగ్గర రుసుము తీసుకోవచ్చా? అసలు ఇంట్లో కూర్చుని కొనేవారు రిటర్న్‌లను తగ్గించుకోవడానికి మార్గం ఏమిటి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


జవాబు: విజయవాడ న్యాయవాది

సోదరి గారికి నమస్కారం. మీ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. ఆ సైటు సిస్టమ్ కూడా వాటిని కలిపే లెక్కించినట్లుంది. నచ్చకపోవడం వల్లనో, ఒంటికి కుదరకపోవడం వల్లనో తిప్పి పంపడం ఒకటి. వస్తువులో లోపం ఉండటం వల్లనో, చూపించినది ఒకటి పంపినది మరొకటి కావడం వల్లనో తిప్పి పంపడం మరొకటి. మన దేశంలో మొదటిదానికి చట్టం హక్కు ఇవ్వలేదు. మంచి వస్తువును, వర్ణించినట్లుగానే ఉన్న వస్తువును, మనసు మారిందని వెనక్కి ఇచ్చే సౌకర్యం పూర్తిగా అమ్మకందారు తన విధానంలో ఇచ్చినదే కనుక దానికి గడువు, రుసుము, పరిమితి పెట్టుకునే స్వేచ్ఛ కూడా అమ్మకందారుకు ఉంటుంది. ఆ షరతులను కొనే ముందు స్పష్టంగా చూపించాలన్నదే అక్కడ ప్రధానమైన నిబంధన.

రెండవదాని సంగతి వేరు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జూలైలో అమలులోకి వచ్చిన ఈ-కామర్స్ నియమాల్లో 6వ నియమం ప్రకారం, వస్తువు లోపభూయిష్టమైనదైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేనిదైనా, చెప్పిన గడువు దాటి వచ్చినదైనా, దాన్ని వెనక్కి తీసుకోవడానికి గాని, సొమ్ము తిరిగి ఇవ్వడానికి గాని అమ్మకందారు నిరాకరించకూడదు. ఆలస్యం విషయంలో మాత్రం ప్రకృతి వైపరీత్యాల వంటి అనివార్య కారణాలకు మినహాయింపు ఉంది. మీరు అంతకు ముందు ఎన్ని వస్తువులు తిప్పి పంపారనే దానితో ఈ నియమానికి సంబంధం లేదు. పక్క కుట్టు ఊడిన కుర్తీ మీ ఖాతాలో మొదటి రిటర్న్ అయినా, వందవది అయినా, మీ హక్కు ఒకే విధంగా ఉంటుంది. దానికి రుసుము అడిగితే మీరు నిస్సంకోచంగా అభ్యంతరం చెప్పవచ్చు.

అదే నియమాల్లో 4వ నియమం, ఒకే తరగతికి చెందిన వినియోగదారుల మధ్య వివక్ష చూపరాదని, చట్టం ఇచ్చిన హక్కులు దెబ్బతినే విధంగా వినియోగదారులను ఇష్టానుసారం వర్గీకరించరాదని చెబుతోంది. ఎక్కువ రిటర్న్‌లు చేసే ఖాతాలను విడిగా గుర్తించడమే తప్పని దీని అర్థం కాదు. ఆ వర్గీకరణ కారణంగా లోపమున్న వస్తువును తిప్పి ఇచ్చే హక్కు కూడా పోయినప్పుడు ఈ నియమం మీకు బలమైన ఆధారమవుతుంది. కొలమానం చెప్పకుండా, తమ లెక్కను సరిదిద్దుకునే అవకాశం కూడా ఇవ్వకుండా, సిస్టమ్ నిర్ణయమని చేతులు దులుపుకోవడం సమర్థనీయం కాదని నా గట్టి అభిప్రాయం.

ఇక చేయవలసిన పని. కస్టమర్ కేర్ ఫోన్లతో ఆగవద్దు. ప్రతి ఈ-కామర్స్ సంస్థ గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, వివరాలు తన సైటులో ప్రకటించాలి. ఆ అధికారి మీ ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. కాబట్టి లిఖితపూర్వకంగా ఫిర్యాదు పంపి, దాని నంబరును భద్రపరచుకోండి. అక్కడ ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ తర్వాత కూడా పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటనే కేసు వేయవచ్చు కనుక, సంస్థ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా మీరు అక్కడికి వెళ్ళనవసరం లేదు. 5 లక్షల రూపాయల లోపు విలువకు కోర్టు రుసుము లేదు. ఫిర్యాదును ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. మీ ఇంటి పరిస్థితిలో ఇది చిన్న సౌకర్యం కాదు.

మరొక ముఖ్యమైన మాట. రిటర్న్ పెట్టేటప్పుడు కనిపించే కారణాల జాబితాలో మీరు ఏది ఎంచుకుంటున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఫొటోలు అడగదు కదా అని చాలామంది ‘నచ్చలేదు’ అనో ‘సైజు కుదరలేదు’ అనో నొక్కేస్తారు. అప్పుడు అది అమ్మకందారు తప్పుగా కాక మీ ఇష్టాయిష్టాల కింద నమోదవుతుంది. బొత్తాలు ఉన్నట్లు చూపించి లేని నైటీ పంపడం ‘వర్ణించినట్లు లేదు’ అనే దాని కిందికి వస్తుంది. సైజు చార్టులో చాతీ కొలత 42 అంగుళాలని రాసి, టేపు పెట్టి చూస్తే 39 మాత్రమే ఉన్న కుర్తీ కూడా అంతే. టేపు కనిపించేలా ఫొటో తీసి, సరైన కారణాన్నే ఎంచుకోండి.


జవాబు: మంగళగిరి చేనేత వస్త్ర వ్యాపారి

న్యాయవాది గారు చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను. అయితే ఈ వ్యవహారంలో కొనేవారికి సాధారణంగా కనిపించని మూడవ పక్షం ఒకటి ఉంది. అది మాలాంటి చిన్న అమ్మకందారులు. మేము చీరలు, డ్రెస్ మెటీరియల్ సొంతంగానూ, రెండు మూడు పెద్ద సైట్ల ద్వారానూ అమ్ముతాము. సైటులో ఉచిత రిటర్న్ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ ఖర్చు ఎవరూ భరించడం లేదని కాదు. చాలా సందర్భాల్లో వెనక్కి తెచ్చే కొరియర్ ఖర్చు మాకు రావలసిన సొమ్ములోంచే తగ్గుతుంది. చీర వెళ్ళి, అక్కడ ఉండి, తిరిగి మా చేతికి వచ్చేలోపు వారాలు గడుస్తాయి. సంక్రాంతికి అమ్ముడుపోవలసిన చీర పండుగ దాటాక గూటికి చేరితే, దాన్ని తర్వాత తగ్గింపు ధరకు ఇవ్వక తప్పదు.

రిటర్న్‌గా వచ్చిన చీరను ఎలా చూస్తామో చెబుతాను. మంగళగిరి నూలు చీర కొత్తగా ఉన్నప్పుడు గంజి బిగువు ఉంటుంది, మడత అంచులు కాగితంలా నిలుస్తాయి. ఒక్కసారి కట్టి విప్పినా ఆ బిగువు పోతుంది, మళ్ళీ ఎంత జాగ్రత్తగా ఇస్త్రీ చేసి మడిచినా పాత మడత గీత మీద కొత్త గీత కూర్చోదు. పైట దగ్గర పట్టుకుని వెలుతురుకు ఎదురుగా పెడితే పిన్ను గుచ్చిన రంధ్రాలు రెండు పక్కపక్కన కనిపిస్తాయి. నిజాం అంచు జరీ దగ్గర పిన్ను లాగితే దారం లేచి ఉంటుంది. కొన్నింటికి కుంకుమ మరక, కొన్నింటికి అత్తరు వాసన. జాకెట్టు ముక్క కత్తిరించేసి చీర మాత్రం వెనక్కి పంపినవారు కూడా ఉన్నారు. ఫంక్షనుకు కట్టుకుని మరునాడు రిటర్న్ పెట్టడం కొందరికి అలవాటుగా మారింది. వారి కోసమే ఈ పరిమితులు వచ్చాయి. దురదృష్టవశాత్తు అవి మీలాంటి నిజాయితీపరుల మీద కూడా పడుతున్నాయి.

ఇంకొక సంగతి కూడా తెలియాలి. ఏ ఖాతాకు పరిమితి పెట్టాలో నిర్ణయించేది సైటే, మేము కాదు. కొనేవారి పాత చరిత్ర మాకు కనిపించదు. మేము చూడగలిగేది మా చేతికి తిరిగి వచ్చిన వస్తువు స్థితి మాత్రమే. మీరు ట్యాగుతో, మడత చెదరకుండా పంపిన కుర్తీని, కట్టి విప్పిన చీరను సిస్టమ్ ఒకే అంకెగా లెక్కిస్తున్నదంటే, ఆ లెక్క మీకూ మేలు చేయదు, మాకూ మేలు చేయదు. వస్తువు ఏ స్థితిలో వెనక్కి వచ్చిందో దాన్ని బట్టి ఖాతాను అంచనా వేయాలని మేము సైట్ల వారిని అడుగుతూనే ఉన్నాము.

రంగు విషయంలో ఒక మనవి. చేనేతలో ఒక అద్దకం నుంచి మరో అద్దకానికి రంగు కొద్దిగా తేడా రావడం సహజం. ఫోన్ తెర వెలుతురు వల్ల ఇంకొంత తేడా కనిపిస్తుంది. చేనేత చీర కొనే ముందు అమ్మకందారుకు సందేశం పెట్టి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర తీసిన ఫొటో అడగండి. సొంతంగా అమ్మే చాలామంది సంతోషంగా పంపిస్తారు. మేమైతే చీరను చేతి మీద వేసి చిన్న వీడియో తీసి పంపుతాము. అలా చూసి కొన్నవి తిరిగి రావడం చాలా అరుదు.


జవాబు: ఖమ్మం పాఠకుడు

వ్యాపారి గారి బాధ అర్థమవుతున్నది. కానీ ఈ అలవాటు నేర్పింది ఎవరో కూడా చెప్పుకోవాలి. ఇంటికి తెప్పించుకోండి, వేసుకుని చూడండి, నచ్చకపోతే ఒక్క నొక్కుతో వెనక్కి ఇవ్వండి అని ఏళ్ళ తరబడి ప్రకటనలిచ్చి, ఊళ్ళలో బట్టల దుకాణాల వ్యాపారాన్ని తమవైపు తిప్పుకున్నది ఆ సైట్లే. దుకాణంలో ట్రయల్ రూము ఉంటుంది. ఆన్‌లైన్‌లో మన పడకగదే ట్రయల్ రూము. అక్కడ నాలుగు తొడిగి చూసి ఒకటి కొన్నవారిని దొంగలా చూడరు కదా, ఇక్కడ మాత్రం ఎందుకు చూడాలి? ఎం, ఎల్ రెండూ తెప్పించుకుని ఒకటి ఉంచుకోవడాన్ని నేను దుర్వినియోగంగా అంగీకరించను. ఖర్చు భరించలేని స్థితి వస్తే, అందరికీ ఒకేలా వర్తించే రుసుమును కొనే ముందే చూపించాలి. కొందరిని రహస్య లెక్కతో ఏరి, తర్వాత సందేశం పంపడం న్యాయం కాదు.

2023 నవంబరులో కేంద్రం డార్క్ ప్యాటర్న్స్ నివారణ మార్గదర్శకాలు ప్రకటించింది. వాటిలో పేర్కొన్న 13 రకాల మోసపూరిత పద్ధతుల్లో, ధరలోని కొంత భాగాన్ని ముందు దాచి చివర్లో బయటపెట్టడం కూడా ఒకటి. రిటర్న్ రుసుమును ఆర్డరు పెట్టాక మాత్రమే చూపించిన సందర్భం ఉంటే, దాన్ని కూడా ఫిర్యాదులో చేర్చమని ఈ సోదరికి నా సూచన.


జవాబు: కూకట్‌పల్లి బొటిక్ నిర్వాహకురాలు

చట్టం గురించి పెద్దలు చెప్పారు. రిటర్న్‌లు ఎలా తగ్గించుకోవాలన్న మీ మూడవ ప్రశ్నకు నేను జవాబు ఇస్తాను. బట్టలు కత్తిరించి కుట్టించే పనిలో ఉన్నందున, ఈ సైజుల గందరగోళాన్ని రోజూ చూస్తున్నాను.

మన దేశంలో రెడీమేడ్ బట్టలకు అందరూ పాటించే ఒకే కొలతల పట్టిక చాలాకాలంగా లేదు. ఒక కంపెనీ బ్రిటన్ పట్టికను, మరొకటి అమెరికా పట్టికను తీసుకుని, తమకు తోచిన సవరణలు చేసుకుంటూ వచ్చాయి. భుజం, చాతీ, నడుము, తుంటి మధ్య ఉండే నిష్పత్తి మనవారిలో వేరుగా ఉంటుంది. అందుకే చాతీకి సరిపోయిన కుర్తీ తుంటి దగ్గర పట్టేయడం, నడుముకు సరిపోయిన ప్యాంటు పొడవు మిగిలిపోవడం మామూలైపోయింది. ఈ లోటు తీర్చడానికే కేంద్ర జౌళి శాఖ సహకారంతో జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ ఇండియాసైజ్ అనే సర్వే చేపట్టింది. 15 నుంచి 65 ఏళ్ళ వయసు గల 25 వేల మంది శరీర కొలతలను త్రీడీ స్కానర్లతో తీసుకోవాలన్నది దాని లక్ష్యం. అందుకు ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాదు కూడా ఉంది. ఆ కొలతల ఆధారంగా రూపొందే పట్టికను కంపెనీలు మనసు పెట్టి అనుసరిస్తే మీ రిటర్న్‌ల్లో సగం కారణం అక్కడే తీరుతుందని నా నమ్మకం. రిటర్న్ చేసేవారిని ఏరి పట్టుకునే సిస్టమ్ మీద చూపే శ్రద్ధ సైజు చార్టు మీద కూడా చూపాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రస్తుతానికి మీరు చేయగలిగినది చెబుతాను. మీ ఒంటి కొలత తీసుకుని సైజు చార్టుతో పోల్చడం కంటే, మీకు చక్కగా కుదిరిన పాత కుర్తీని కొలవడం మేలు. దాన్ని మంచం మీద పరచి, ముడతలు సర్ది, చంక కుట్టుకు ఒక అంగుళం కింద ఈ పక్క నుంచి ఆ పక్కకు టేపు పెట్టండి. 21 అంగుళాలు వస్తే దాన్ని రెట్టించి 42 అని రాసుకోండి, అది బట్ట చాతీ కొలత. అదే విధంగా భుజం కుట్టు నుంచి భుజం కుట్టుకు, నడుము సన్నగా ఉన్న చోట, పక్క చీలిక మొదలయ్యే చోట, చేతి కండ దగ్గర కొలిచి ఫోన్‌లో ఉంచుకోండి. అత్తగారి నైటీకి, పిల్లల బట్టలకు కూడా విడివిడిగా రాసుకోండి. పిల్లలవి మాత్రం కొన్ని నెలలకొకసారి మళ్ళీ కొలవాలి.

ఆ తర్వాత సైజు చార్టు తెరిచినప్పుడు మొదట చూడవలసింది, అది ఒంటి కొలతల పట్టికా, బట్ట కొలతల పట్టికా అన్నది. ఒంటి కొలత 40 ఉన్న మనిషికి సాగని నూలు కుర్తీ కనీసం 42, హాయిగా ఉండాలంటే 43 ఉండాలి. ఆ రెండు మూడు అంగుళాల వదులు లేకపోతే చేయి పైకెత్తలేరు. ఒక కంపెనీ ఎక్స్ఎల్ ఎదురుగా 42 అని రాస్తే అది ఒంటి కొలత కావచ్చు, మరో కంపెనీ 42 అంటే కుట్టిన బట్ట కొలత కావచ్చు. మీకు ఒక ఎక్స్ఎల్ వదులుగా, మరో ఎక్స్ఎల్ బిగుతుగా రావడానికి అసలు కారణం చాలా వరకు ఇదే. సాగే హోజరీ బట్టకు ఈ వదులు అంతగా అక్కరలేదు. నూలు బట్ట మొదటి ఉతుకులో కొంత ముడుచుకుంటుంది కాబట్టి, ముందే ఉతికిన బట్టతో కుట్టారో లేదో వర్ణనలో చూడండి.

చంకల దగ్గర బిగుతు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాతీ కొలత సరిపోయినా చంక గుంట చిన్నదైతే ఆ కుర్తీ ఎప్పటికీ హాయిగా ఉండదు, సైజు చార్టుల్లో ఆ కొలత దాదాపు కనిపించదు. కొన్నవారి అభిప్రాయాల్లో ‘చేతులు టైట్’ అనే మాట రెండు మూడు చోట్ల కనిపిస్తే ఆ కుర్తీని వదిలేయండి. ఒక సైజు పెద్దది తెప్పించుకుని పక్కలు లోపలికి కుట్టించి తగ్గించుకోవడం మరో మార్గం. చిన్నదాన్ని పెంచడానికి లోపల కుట్టు మార్జిన్ ఉండాలి, రెడీమేడ్‌లో అది అర అంగుళానికి మించి వదలరు. పెద్దదాన్ని తగ్గించడం మాత్రం మీ వీధిలో దర్జీకి పది నిమిషాల పని. రిటర్న్ పెట్టి, పికప్ కోసం ఎదురుచూసి, మళ్ళీ ఆర్డరు చేసే శ్రమ కంటే అది తేలిక.

అత్తగారి కోసం ఒక సలహా. మంచం మీద ఉన్నవారికి రెడీమేడ్ నైటీలు వెతికి వెతికి తిప్పి పంపే బదులు, మెత్తని నూలు బట్ట మీటర్ల లెక్కన తెప్పించి, ముందు భాగం మెడ నుంచి కింది వరకు పూర్తిగా తెరుచుకునేలా, బొత్తాలకు బదులు నాడాలు పెట్టించి కుట్టించండి. బొత్తాలు ఒత్తుకుని చర్మానికి ఇబ్బంది కలగదు, తొడిగేటప్పుడు ఆమెను ఎత్తవలసిన అవసరం ఉండదు. మంచం పట్టిన పెద్దవారి కోసం మా దగ్గర కొందరు అలాగే కుట్టించుకుంటున్నారు.


జవాబు: లెస్టర్ నుంచి తెలుగు పాఠకురాలు

నేను బ్రిటన్‌లో ఉంటున్నాను. ఇక్కడి చట్టం ఇంటి నుంచి కొనేవారికి మరింత అనుకూలంగా ఉన్నా, ఈ పరిమితుల సమస్య ఇక్కడ కూడా వచ్చింది. 2013 నాటి నియమాల ప్రకారం, ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు చేతికి వచ్చాక 14 రోజుల్లోగా ఏ కారణం చెప్పకుండానే కొనుగోలును రద్దు చేసుకోవచ్చు. ఆ తర్వాత వస్తువును తిప్పి పంపడానికి మరో 14 రోజులు ఉంటాయి. యూరోపియన్ యూనియన్ 2011లో చేసిన ఆదేశం నుంచి వచ్చిన హక్కు ఇది. చూడకుండా కొన్నవారికి చూసి నిర్ణయించుకునే అవకాశం ఉండాలన్నది దాని వెనుక ఆలోచన. మన దేశంలో కూడా ఇలాంటి హక్కు రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

అయితే తిప్పి పంపే తపాలా ఖర్చు కొనేవారే భరించాలని ముందుగా చెబితే అది ఇక్కడ చట్టబద్ధమే. ఆ వెసులుబాటును ఆధారం చేసుకునే దుకాణాలు రుసుములు మొదలుపెట్టాయి. 2022లో జారా అనే బట్టల కంపెనీ, డ్రాప్ ఆఫ్ కేంద్రాల ద్వారా పంపే రిటర్న్‌లకు 1.95 పౌండ్ల రుసుము పెట్టింది. ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే అసోస్ 2019లో రిటర్న్ గడువును 45 రోజులకు పెంచింది. అదే సమయంలో, వేసుకుని తిప్పి పంపుతున్నట్లు అనుమానం వచ్చిన ఖాతాలను నిలిపివేస్తామని కూడా ప్రకటించింది. 2024 అక్టోబరు నుంచి తరచు రిటర్న్ చేసేవారికి మాత్రం, ఆ ఆర్డరులో కనీసం 40 పౌండ్ల విలువైన బట్టలు ఉంచుకోకపోతే 3.95 పౌండ్లు తగ్గించి మిగిలిన సొమ్ము ఇవ్వడం మొదలుపెట్టింది. ఖమ్మం పాఠకుడు గారు చెప్పిన పద్ధతి జారాది, మీకు ఎదురైనది అసోస్ పద్ధతికి దగ్గరగా ఉంది. ఎంత ఉంచుకుంటే రుసుము పడదో అసోస్ అంకె చెప్పడం వల్ల, కొనేవారు ఆర్డరు పెట్టే ముందే లెక్క వేసుకోగలిగారు. మీ విషయంలో ఆ అంకె కూడా చెప్పకపోవడమే నాకు అన్యాయంగా తోస్తున్నది.

అమెరికాలో 2024లో చిల్లర అమ్మకాల విలువలో 16.9 శాతం, అంటే సుమారు 89,000 కోట్ల డాలర్ల సరుకు తిరిగి వస్తుందని అక్కడి రిటైలర్ల సంఘం అంచనా వేసింది. దుకాణాల ఆందోళనకు ఆధారం లేకపోలేదు.


ప్రశ్న అడిగిన పాఠకురాలు

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. బొటిక్ నిర్వాహకురాలు గారు చెప్పినట్లు కుదిరిన కుర్తీని పరచి కొలిచి చూశాను. నేను ఇన్నాళ్ళూ వదిలేస్తున్న ఒక కంపెనీ డబుల్ ఎక్స్ఎల్ బట్ట కొలత, నాకు బాగా కుదిరిన ఎక్స్ఎల్ కొలతకు సమానమని తేలింది. అత్తగారికి నాడాల నైటీలు కుట్టించడానికి మా వీధి దర్జీతో మాట్లాడాను, బట్ట ఇంటికే వచ్చి తీసుకెళ్తానన్నారు.

న్యాయవాది గారిని ఇంకొక విషయం అడగాలి. నా ఖాతాకు పరిమితి పడింది కనుక మా వారి ఫోను నంబరుతో కొత్త ఖాతా తెరిస్తే సరిపోతుందని బంధువులు సలహా ఇస్తున్నారు. అలా చేయవచ్చా?


జవాబు: విజయవాడ న్యాయవాది

మీ వారు తమకోసం ఖాతా తెరుచుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ మీ ఖాతాపై ఉన్న పరిమితిని తప్పించుకోవడానికే తెరిస్తే, మీ ఫిర్యాదుకు ఉన్న బలాన్ని మీరే తగ్గించుకున్నవారవుతారు. చిరునామా, చెల్లింపు కార్డు, ఫోను పరికరం ఒకటే కావడాన్ని బట్టి సైట్లు ఇలాంటి ఖాతాలను ఒకదానితో ఒకటి ముడిపెడతాయి. చాలా సైట్ల నిబంధనల్లో ఇది ఖాతాను మూసివేయడానికి ఒక కారణంగా రాసి ఉంటుంది. మీ వైపు న్యాయం ఉన్నప్పుడు నేరుగా అడగడమే మంచిది.

గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాసే ఫిర్యాదులో నా ఖాతా పునరుద్ధరించండి అని మాత్రమే రాయకండి. పరిమితికి ఆధారంగా తీసుకున్న ఆర్డర్ల జాబితాను, ఒక్కొక్కదానికి నమోదైన కారణంతో సహా ఇవ్వమని అడగండి. వాటిలో కుట్టు ఊడినవి, వర్ణనకు భిన్నంగా వచ్చినవి ఏవో ఆర్డరు నంబర్లతో పేర్కొని, వాటిని ఆ లెక్క నుంచి తొలగించమని కోరండి. పరిమితి కొనసాగినా సరే, ఇకముందు లోపమున్న వస్తువు వస్తే ఎలాంటి రుసుము లేకుండా వెనక్కి తీసుకుంటామని లిఖితపూర్వకంగా తెలియజేయమని అడగండి. ఈ మూడవ కోరికను వారు కాదనడానికి 6వ నియమం అవకాశం ఇవ్వదు. ఇప్పటికే లోపమున్న వస్తువుకు రుసుము తగ్గించుకుని ఉంటే, ఆ మొత్తాన్ని తిరిగి ఇవ్వమని కూడా అందులోనే చేర్చండి. రిటర్న్ రుసుము ముందుగా తెలియజేయలేదని మీరు భావిస్తే, ఆర్డరు పెట్టినప్పటి తెర చిత్రం ఉంటే జతచేయండి.

ఆ సైటు షరతులే మొత్తంగా ఏకపక్షంగా ఉన్నాయని సవాలు చేయాలంటే, అన్యాయమైన ఒప్పందం కింద వేసే ఆ ఫిర్యాదును జిల్లా కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. మీ విషయంలో అంత దూరం అవసరం ఉండదని అనుకుంటున్నాను. రుసుము వాపసు, లోపమున్న వస్తువుల లెక్క వరకు జిల్లా కమిషన్ సరిపోతుంది. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాల వరకు ఫిర్యాదు చేయవచ్చు. కాబట్టి వారు జవాబు ఇవ్వవలసిన నెల రోజులు గడిచే వరకు ఆగి, ఆ ఉత్తరం ప్రతిని, వచ్చిన జవాబును ఇక్కడ పెట్టండి. తదుపరి ఫిర్యాదు ముసాయిదాను నేను చూసి సరిచేసి పెడతాను.